రెండేళ్ళు దాటిన బాబుకి పది మాటలే: ఇంట్లో ఏం చేయాలి?

మీరు అడిగినదాన్ని మిగతావాళ్ళకీ అర్థమయ్యేలా ముందు క్లుప్తంగా చెప్తాను. బాబుకి రెండేళ్ళ రెండు నెలలు. అమ్మ, తాత, బువ్వ, పో లాంటివి సొంతంగా వాడే మాటలు పది దాకా ఉన్నాయి. ఫోన్‌లో ఇంగ్లిష్ రైమ్స్ పెడితేనే అన్నం తింటాడు. ఆ రైమ్స్ పుణ్యమా అని ఏ నుంచి జెడ్ దాకా అప్పజెప్తాడు. కానీ దాహం వేస్తే నీళ్ళు అడగడు, మీ చేయి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తాడు. ప్లేస్కూల్ టీచర్ ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడమన్నారు. మీ అత్తగారేమో "వాళ్ళ నాన్నకీ నాలుగో ఏడు వచ్చాకే మాటలొచ్చాయి, కంగారు పడకండి" అంటున్నారు. మీరిద్దరూ ఉద్యోగాలకి వెళ్తే పగలంతా మీ అమ్మగారు చూసుకుంటారు. ఏ భాషలో మాట్లాడాలి, ఇంట్లో ఏం చేయాలి, ప్లేస్కూల్ మాన్పించాలా, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలా, ఇవీ మీ ప్రశ్నలు.

నేను స్పీచ్ థెరపిస్టుని, హైదరాబాద్‌లోనే చాలా ఏళ్ళుగా పని చేస్తున్నాను. ఏబీసీడీలు గడగడా చెప్పి, ఆకలేస్తే మాత్రం నోరు విప్పని పిల్లల్ని ఈ మధ్య మరీ ఎక్కువగా తీసుకొస్తున్నారు. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు మీ ఆఖరి ప్రశ్న. వెళ్ళాలి, ఈ నెలలోనే వెళ్ళాలి. మూడో పుట్టినరోజు అయ్యాక చూద్దాం అనుకోవద్దు. రెండేళ్ళు నిండేసరికి పిల్లలకి సుమారు 50 మాటలు రావాలి, "నాన్న రా", "ఇంకా పాలు" లాగా రెండేసి మాటలు కలపడం మొదలవ్వాలి. అవి రాకపోతే ఒకసారి చూపించుకోమని మేం చెప్తాం. ఇలాంటి పిల్లల్లో చాలామంది మూడో ఏట, నాలుగో ఏట పుంజుకుంటారు. ఆలస్యంగా మాట్లాడటం కొన్ని కుటుంబాల్లో వస్తుందన్నదీ నిజమే, మీ అత్తగారు ఊరికే అనడం లేదు. చిక్కల్లా ఏమిటంటే, ఎవరు వాళ్ళంతట వాళ్ళే దారిలో పడతారో, ఎవరికి సాయం కావాలో ఈ వయసులో మొహం చూసి చెప్పలేం. మాటలు ఆలస్యమైనా ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న మేనమామ గురించి ప్రతి ఇంట్లో చెప్పుకుంటారు. బడిలో చదవడం రాక అవస్థ పడిన పిల్లాడి గురించి ఎవరూ చెప్పుకోరు. మగపిల్లలకి మాటలు ఆలస్యం అనే మాట కూడా ఉంది. సగటున చూస్తే ఆ తేడా నెలో రెండు నెలలో, ఏళ్ళు కాదు.

మొట్టమొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష. "వాడికి బ్రహ్మాండంగా వినబడుతుందండీ, వంటింట్లో గిన్నె పడితే ఉలిక్కిపడతాడు" అని దాదాపు అందరూ అంటారు. గిన్నె చప్పుడు పెద్దది. మాటలోని స, శ, త, క లాంటి ధ్వనులు చాలా సన్నగా ఉంటాయి. కొంచెం వినికిడి లోపం ఉన్న పిల్లాడికి గిన్నె చప్పుడూ వినబడుతుంది, తలుపు చప్పుడూ వినబడుతుంది, మాటలో మాత్రం సగం ముక్కలు జారిపోతాయి. జలుబు తరచు చేసే పిల్లలకి చెవిపొర వెనక నీరు చేరి కూడా ఇలా అవుతుంది. నొప్పి ఉండదు కాబట్టి ఎవరికీ తెలియదు. శబ్దానికి లోపలి చెవి ఎలా స్పందిస్తుందో చూసే ఓఏఈ అనే పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది. శబ్దం చెవి నుంచి నరం గుండా మెదడుకి చేరుతోందా అని చూసే బెరా పరీక్షకి మాత్రం పిల్లాడు నిద్రపోవాలి. ఆ రోజు పొద్దున్నే లేపి, దారిలో కునుకు తీయకుండా చూసి, ఆసుపత్రికి వెళ్ళాక పాలు పట్టి పడుకోబెట్టడం మంచిది. కారులో నిద్రపోయి అక్కడికెళ్ళగానే లేచి కూర్చున్నాడంటే ఆ రోజు పోయినట్టే.

నిజానికి ఈ పరీక్ష పుట్టిన నెలలోపే అవ్వాలి. నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు, ఇదీ చాలా దేశాల్లో పాటించే లెక్క. మన దగ్గర మేనరికాలు ఇంకా జరుగుతున్నాయి. దగ్గరి సంబంధాల్లో పుట్టుకతో వినికిడి లోపం వచ్చే అవకాశం ఎక్కువ. అలాంటి ఇంట్లో బిడ్డ పుడితే ఈ పరీక్ష అడిగి మరీ చేయించుకోండి. పూర్తిగా వినబడని పిల్లలకి ఆపరేషన్ చేసి చెవిలో అమర్చే వినికిడి పరికరం, కాక్లియర్ ఇంప్లాంట్‌ని ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకాల్లో చేర్చారు. దానికి వయసు పరిమితి ఉంటుంది, ఆలస్యం చేసినకొద్దీ ఆపరేషన్ వల్ల ఒరిగేదీ తగ్గిపోతుంది.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళ కోసం ఒక మాట. హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం వినికిడి, మాట సమస్యలు చూస్తుంది. ఎన్‌ఐఈపీఐడీ ఎదుగుదల సమస్యలు చూస్తుంది. జిల్లాల్లో ఉన్నవాళ్ళు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల ఎదుగుదల సమస్యల్ని తొందరగా గుర్తించి సాయం చేయడానికి ఏర్పాటు చేసిన డైక్ కేంద్రం ఎక్కడుందో అంగన్‌వాడీలోనో, జిల్లా ఆసుపత్రిలోనో అడగండి.

ఇక మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించినది మాటల లెక్క కాదు, ఫ్రిజ్ దగ్గరికి చేయి పట్టుకుని లాక్కెళ్ళడం. అలా లాక్కెళ్ళేటప్పుడు మీ మొహం వైపు చూస్తాడా? ఫ్రిజ్ వైపో, సీసా వైపో వేలు పెట్టి చూపిస్తాడా? ఏమీ అక్కర్లేకపోయినా, విమానం వెళ్తుంటే "చూడు" అన్నట్టు వేలు చూపించి మీ వైపు తిరుగుతాడా? పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా? ఖాళీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని తాగినట్టు నటిస్తాడా? ఇవన్నీ ఉంటే సగం దిగులు తీరినట్టే, మాట ఒక్కటే వెనకబడిందని అర్థం. ఇవి కూడా లేకపోతే పిల్లల డాక్టర్‌ని ఎమ్‌చాట్ చేయమని అడగండి. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం తయారుచేసిన 20 ప్రశ్నల పట్టీ అది. ఆటిజం (నలుగురితో కలవడంలో, మాట్లాడటంలో తేడా కనిపించే ఎదుగుదల సమస్య) ఉందని అది తేల్చదు, ఇంకా లోతుగా చూడాలా వద్దా అన్నది చెప్తుంది. వచ్చిన మాటలు పోవడం మాత్రం ఏ వయసులో జరిగినా వారం కూడా ఆగకూడదు.

ఇక ఫోన్. రెండేళ్ళలోపు పిల్లలకి వీడియో కాల్స్ తప్ప ఏ స్క్రీనూ వద్దని భారతీయ పిల్లల వైద్యుల సంఘం చెప్పింది. ఆ తర్వాత అయిదేళ్ళ దాకా రోజుకి గంట మించకూడదంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినదీ ఇంచుమించు ఇదే. ఈ అంకెలు అందరికీ తెలుసు, ఎవరూ పాటించడం లేదు. ఎందుకంటే "రైమ్స్ వల్ల మాటలు వస్తున్నాయి కదా" అని లోపల ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకం గురించే చెప్తాను.

2003లో అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన పాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకి చైనావాళ్ళ మాండరిన్ భాష వినిపించి చూసింది. కొందరికి మనిషే ఎదురుగా కూర్చుని, బొమ్మలు ఆడిస్తూ, పుస్తకాలు చూపిస్తూ మాట్లాడారు. ఇంకొందరికి అవే మాటలు టీవీలో చూపించారు, లేదా ఆడియోలో వినిపించారు. మనిషితో గడిపిన పిల్లలు ఆ భాషలోని ధ్వనుల తేడాలు పట్టుకున్నారు. టీవీ చూసినవాళ్ళకి, ఆడియో విన్నవాళ్ళకి ఏమీ రాలేదు. మాటలు అవే, గొంతులు అవే. ఎదురుగా తన కళ్ళలోకి చూసి, తను ఊఁ అంటే ఊఁ కొట్టే మనిషి లేదు, అంతే తేడా.

రైమ్ పాడే వీడియో మీ బాబు జవాబు కోసం ఆగదు. వాడు మాట్లాడినా, మాట్లాడకపోయినా పాట అదే వేగంతో పోతుంది. అందుకే వాడికి పాట వస్తుంది, ఏబీసీడీ వస్తుంది, అడగడం రాదు. అడగడం అంటే ఇంకో మనిషి మనసు మీద పని చేయడం. అది మనిషి దగ్గరే నేర్చుకోవాలి. 2018లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లల్ని పరిశీలించినప్పుడు కూడా ఇలాంటిదే తేలింది. పిల్లల చెవిన పడ్డ మొత్తం మాటలకంటే, పెద్దవాళ్ళూ పిల్లలూ మార్చి మార్చి మాట్లాడుకున్న సందర్భాలకే వాళ్ళ భాషా సామర్థ్యంతో ఎక్కువ సంబంధం కనిపించింది. అంటే రోజంతా పిల్లాడి ముందు మీరు గలగలా మాట్లాడేస్తే చాలదు. వాడి వంతు వాడికి ఇవ్వాలి.

అన్నం దగ్గర ఫోన్‌ని ఒకేసారి ఆపేయాలా, మెల్లగా తగ్గించాలా అని అందరూ అడుగుతారు. నా అనుభవంలో ఒకేసారి ఆపడమే సులువు. తగ్గించడం మొదలుపెట్టిన ఇళ్ళలో రోజూ బేరాలే. రెండు మూడు రోజులు ఏడుస్తాడు, సగం ముద్దలే తింటాడు. ఆరోగ్యంగా ఉన్న పిల్లాడికి దానివల్ల ఏమీ కాదు. బరువు బాగా తక్కువున్నా, మొత్తం మీద రెండు మూడు రకాలు తప్ప ఏదీ ముట్టకపోయినా ముందు పిల్లల డాక్టర్‌తో మాట్లాడండి. ఫోన్ తీసేసి టీవీ పెట్టడం మాత్రం దొంగ లెక్క. అన్నట్టు, ఎవరూ చూడకపోయినా హాల్లో సీరియల్ మోగుతూనే ఉండే ఇళ్ళు చాలా. ఆ రొదలో మాట విడదీసి వినడం పెద్దవాళ్ళకి తేలికే, రెండేళ్ళ పిల్లలకి కష్టం. కట్టేయండి.

మరి ఫోన్ తీసేసిన చోట ఏం పెట్టాలి? చాలామంది ఫ్లాష్ కార్డులు, పండ్ల చార్టులు కొంటారు. నన్నడిగితే దండగ. చార్టు చూసి డ్రాగన్ ఫ్రూట్ అని చెప్పగలిగి, "ఇంకా", "వద్దు", "ఇవ్వు", "అయిపోయింది" రాని పిల్లల్ని ఎంతమందినో చూశాను. రోజుకి ఎన్నిసార్లు డ్రాగన్ ఫ్రూట్ అవసరం పడుతుంది? "ఇంకా" అనే మాట పూటకి ఇరవైసార్లు అవసరం పడుతుంది. మనం ఇంట్లో ఎలాగూ చేసుకునే పనుల్లోనే మాటలు వస్తాయి, వాటికి వేరే క్లాసు అక్కర్లేదు. ఒక ఉదాహరణ కాస్త దగ్గరగా చూపిస్తాను.

మీ అమ్మగారు చిక్కుడుకాయలు ఒలుస్తున్నారనుకోండి. బాబు వచ్చి పళ్ళెంలోంచి ఒక కాయ తీశాడు. ఇక్కడ మనలో చాలామంది "ఇదేంటి నాన్నా? చెప్పు? చి-క్కు-డు. ఏదీ, అను?" అంటాం. వాడు కాయ పారేసి వెళ్ళిపోతాడు. వాడికి అది పరీక్ష, మార్కులు పడవని తెలుసు.

ఇప్పుడు ఇంకోలా. వాడు కాయ తీసి అమ్మమ్మ వైపు చూశాడు. అమ్మమ్మ "కాయ!" అని ఆగింది. వాడు ఇంకోటి తీశాడు. "ఇంకో కాయ!" అమ్మమ్మ ఈనె లాగింది. గింజ బయటపడింది. "అదిగో, గింజ!" గింజ జారి దొర్లింది. "అయ్యో, పడిపోయింది!" వాడు మంచం కిందికి దూరి, వెతికి తెచ్చి "ఇంజ" అన్నాడు. "అవును, గింజ! గింజ దొరికింది. గిన్నెలో వెయ్యి." వేశాడు. అమ్మమ్మ ఇంకో కాయ సగం చీల్చి, చేతులు అలాగే ఉంచి, కళ్ళు పెద్దవి చేసి వాడి మొహంలోకి చూస్తూ ఊరుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు... "ఇంజ!" అన్నాడు వాడు. గింజ బయటికొచ్చింది. ఇద్దరూ నవ్వారు.

పది నిమిషాల్లో వాడు కాయ, గింజ, ఇంకో, పడిపోయింది, దొరికింది, వెయ్యి అనే మాటల్ని, ఆ వస్తువునీ ఆ పనినీ కళ్ళారా చూస్తూ పదేసిసార్లు విన్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. వాడు దేన్ని చూస్తున్నాడో దాని గురించే అమ్మమ్మ మాట్లాడింది. చిన్న చిన్న మాటలే వాడింది. "ఇంజ" అంటే "తప్పు, గింజ అను" అనకుండా అవునంటూ సరైన మాట వినిపించి, దానికి ఇంకో మాట తగిలించింది. అన్నిటికంటే గొప్ప పని ఏమిటంటే, ఆగింది. మన పెద్దవాళ్ళకి ఆ నాలుగైదు క్షణాల మౌనం మహా ఇబ్బంది. వాడు నోరు తెరిచేలోపే మనమే చెప్పేస్తాం. లోపల అయిదు అంకెలు లెక్కపెట్టుకోండి, చాలు. (ఒక జాగ్రత్త: ఇది గింజలు ముక్కులో పెట్టుకునే వయసు. పక్కనే ఉండి ఆడించండి. పిల్లల ముక్కుల్లోంచి శనగలూ బఠాణీలూ తీయడం ఈఎన్‌టీ డాక్టర్లకి అలవాటైన పని.)

ఇందులో ఇంకో చిన్న సంగతి ఉంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది, చివర విన్న మాట పిల్లలకి తేలిగ్గా చిక్కుతుంది. దా, పో, ఇయ్యి, వద్దు, అయిపోయింది, ఇవన్నీ మన పిల్లల తొలి మాటల్లో తరచు వినిపిస్తాయి. కాబట్టి వస్తువుల పేర్ల మీదే పడకండి. తలుపు తీస్తూ "తీద్దాం", లైటు వేస్తూ "వేశా", నీళ్ళు పోస్తూ "పోద్దామా?" అనండి. వాడు ఏదైనా కావాలన్నట్టు చూస్తే "పాలు కావాలా, నీళ్ళు కావాలా?" అని రెండూ చూపించి అడగండి. "ఏం కావాలి?" అంటే వాడి దగ్గర మాట లేదు. రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే మాట మీరే అందించినట్టు.

"చెప్తేనే ఇస్తా" అని సీసా పైకెత్తి పట్టుకోవడం మాత్రం వద్దు. కొంతమంది థెరపిస్టులు కూడా ఇలా చెప్తారని తెలుసు. నాకు నచ్చదు. ఒక్క క్షణం ఆగి చూడటం వేరు, దాహంతో ఉన్న పిల్లాడితో పంతం వేరు. వాడు వేలు చూపించినా, "ఊఁ" అన్నా అది అడగడమే. "నీళ్ళు! నీళ్ళు కావాలి" అంటూ ఇచ్చేయండి.

బువ్వ, లాల, జోజో, బజ్జో లాంటి ముద్దు మాటలు వాడితే పిల్లలకి అసలు మాటలు రావని కొందరు మాన్పిస్తున్నారు. మానక్కర్లేదు. సాగదీసి, రాగం తీసి, మొహం దగ్గర పెట్టి మాట్లాడే ఆ ధోరణి పిల్లల చెవిని ఇట్టే పట్టుకుంటుంది. స్నానం చేశాడు అని పక్కనే ఇంకోసారి అంటూ ఉంటే లాల కాస్తా స్నానం అవుతుంది. మీ అమ్మగారి గోదావరి యాసో, మీ అత్తగారి తెలంగాణ యాసో పిల్లాడికి అంటుకుంటుందని కూడా దిగులొద్దు. అంటుకోవాలి.

ఉద్యోగాలు చేసేవాళ్ళం, టైమ్ ఎక్కడుందంటారు. సాయంత్రం స్నానం ఎలాగూ చేయిస్తారు కదా, అది మీదో, మీవారిదో చేసుకోండి. ఫోన్ బయట పెట్టి బాత్‌రూమ్‌లోకి వెళ్ళండి. మగ్గు ఎత్తి "ఒకటి... రెండు..." అని ఆగండి. నాలుగు రోజులు "మూడు!" మీరే అని పోయండి. అయిదో రోజో, పదో రోజో వాడే అరుస్తాడు. చేతులు, కాళ్ళు, పొట్ట, "ఇటు తిరుగు", "కళ్ళు మూసుకో", "చల్లగా ఉందా?", రోజూ అదే వరస, అవే మాటలు. మనకి విసుగొచ్చే ఈ పునరుక్తే వాడికి కావాల్సింది. తర్వాత ఏం జరుగుతుందో తెలిసిన చోటే పిల్లలు నోరు విప్పుతారు. దాగుడుమూతలు, ఉప్పుమూట, బూచి ఆట, అన్నిట్లోనూ ఉన్నది ఇదే కిటుకు. "ఉప్పుమూట కావాలా?" అని వీపు చూపించి ఆగి చూడండి.

పుస్తకం విషయం తేలిగ్గానే ముగిస్తాను. ఈ వయసులో పుస్తకాన్ని చదవక్కర్లేదు, కలిసి చూడాలి. వాడు ఒకే పేజీ దగ్గర ఆగిపోతే ఆ పేజీ గురించే మాట్లాడండి. రోజూ అదే పుస్తకం తెస్తే అదే చూడండి. "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థవి, నేషనల్ బుక్ ట్రస్టువి తెలుగు బొమ్మల పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి. ప్రింట్ తీసి వాడండి, మళ్ళీ ఫోన్‌లో చూపిస్తే మొదటికొస్తుంది.

ఇప్పుడు ఇంగ్లిష్ సంగతి. టీచర్ మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు, సలహా మాత్రం తప్పు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలు కూడా దాదాపు అదే వయసులో మాటలు మొదలుపెడతారు, రెండు భాషల మాటలూ కలిపి లెక్కపెడితే వెనకబడి ఉండరు. "బాల్ ఇయ్యి" అంటే వాడు అయోమయంలో పడ్డాడని కాదు, దొరికిన మాట వాడుకున్నాడు. మనందరం అలాగే మాట్లాడుతున్నాం కదా.

అసలు నష్టం ఎక్కడంటే, తమకి సహజం కాని భాషలోకి పెద్దవాళ్ళు మారినప్పుడు. ఇంగ్లిష్‌లో మీరు "కమ్, సిట్, ఈట్, డోంట్ టచ్" అంటారు. తెలుగులో అయితే "ఏడీ నా బంగారుకొండ, ఎక్కడ దాక్కున్నాడు, దొరికాడా లేదా" అంటారు. మీ అమ్మగారైతే ఇంగ్లిష్‌లో అసలు మాట్లాడలేరు, పగలంతా మౌనంగా కూర్చోవాలి. వాడికి రోజులో దొరికే మాటల్లో సింహభాగం ఆవిడవే. అవి ఆపేసి ఏ లాభం? మీకు జోకులు ఏ భాషలో వస్తాయో, కోపం ఏ భాషలో వస్తుందో ఆ భాషలో మాట్లాడండి. ఒక భాషలో గట్టిగా పడిన పునాది మీద రెండోది నిలబడుతుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోట అయిదో తరగతి దాకా ఇంటి భాషలోనే చదువు చెప్పాలంటోంది. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్ళు కూడా ఇదే అడుగుతుంటారు. అక్కడ ఇంగ్లిష్ డేకేర్‌లో ఎలాగూ వస్తుంది. ఇంట్లో మానేస్తే తెలుగు ఇంకెక్కడా దొరకదు, తర్వాత తాతయ్యతో వీడియో కాల్‌లో మాట్లాడటానికి మధ్యలో మీరు దుబాసీగా కూర్చోవాలి.

మీరు అడగకపోయినా ఎవరో ఒకరు చెప్పే సలహాలు కొన్ని ఉన్నాయి. వసకొమ్ము అరగదీసి నాలుక మీద రాస్తే వసపిట్టలా మాట్లాడతాడంటారు. వద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలు, డాక్టర్ ఇచ్చే మందులు తప్ప ఏదీ నాలుక మీద పెట్టకూడదు. ఆ తర్వాత కూడా వస మంచిది కాదు, అందులో బీటా అసరోన్ అనే హానికర పదార్థం ఉంటుంది. అమెరికాలో 1968లోనే ఆహార పదార్థాల్లో వస వాడకాన్ని నిషేధించారు. నాలుక కింద తీగ కోయిస్తే మాటలు వస్తాయన్నది ఇంకోటి. నాలుక కింద తీగ పొట్టిగా ఉంటే పాలు తాగడంలో ఇబ్బంది రావచ్చు, కొన్ని ధ్వనులు పలకడంలో తేడా రావచ్చు, మాటలే రాకపోవడం అన్నది దానివల్ల కాదు. ఇక యూట్యూబ్ నిండా వినిపించే "వర్చువల్ ఆటిజం", అంటే ఫోన్ ఎక్కువ చూడటం వల్ల వస్తుందని చెప్పే ఆటిజం. అది వైద్యశాస్త్రం గుర్తించిన జబ్బు పేరు కాదు. ఫోన్ ఆపితే అంతా సర్దుకుంటుందని చెప్పి అసలు పరీక్షలు వాయిదా వేయించడమే దానివల్ల నేను చూస్తున్న నష్టం. ఫోన్ ఆపండి, పరీక్షలూ చేయించండి.

థెరపీ అవసరమని చెప్తే ఎవరి దగ్గరికి వెళ్తున్నారో చూసుకోండి. బీఏఎస్‌ఎల్‌పీ (వినికిడి, మాట సమస్యల చికిత్సలో డిగ్రీ) గానీ, ఆపై డిగ్రీ గానీ ఉండాలి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. నంబర్ అడగడానికి మొహమాటపడకండి. నా లెక్కలో ఇంకో పరీక్ష ఉంది: సెషన్‌లో మిమ్మల్ని లోపల కూర్చోనిస్తారా? పిల్లాడిని లోపలికి తీసుకెళ్ళి తలుపేసి, ముప్పావుగంట తర్వాత "బాగా చేశాడు" అని అప్పగించే చోట రెండేళ్ళ పిల్లలకి ఒరిగేది తక్కువ. వారానికి రెండు గంటలు మేం చేసేదానికంటే, మాకు తెలిసింది మీకు నేర్పితే మీరు మిగతా గంటల్లో చేసేదే ఎక్కువ.

ప్లేస్కూల్ మాన్పించాలా అన్నారు. అక్కడ పిల్లలతో ఆడిస్తుంటే మాన్పించొద్దు, తోటిపిల్లల మధ్య మాటలు వస్తాయి. రెండున్నర గంటలూ టీవీ ముందు కూర్చోబెట్టి రైమ్స్ పెట్టే చోటైతే ఇంట్లో అమ్మమ్మే నయం. ఒకరోజు చెప్పకుండా వెళ్ళి చూడండి.

అపాయింట్‌మెంట్ తీసుకున్నాక ఒక వారం పాటు ఫ్రిజ్ మీద కాగితం అంటించి, బాబు సొంతంగా అన్న ప్రతి మాటా రాయండి. అప్పజెప్పినవి, వెంటనే మీ వెనకే అన్నవి వద్దు. కారుని ప్రతిసారీ "బుర్ర్" అంటుంటే అదీ మాటే, రాయండి. "ఇంజ" అన్నది గింజే అయితే అదీ రాయండి. "పడిపోయింది" లాంటిది ఒక్క మాటలా కనిపించినా తెలుగులో అదొక పూర్తి వాక్యం. "వచ్చాడు", "వచ్చింది" అని తేడాగా అంటుంటే విడివిడిగా రాయండి, మాకు అది చాలా పనికొస్తుంది. చాలామంది తల్లులు పది అనుకుని వస్తారు, కాగితం మీద పాతికో ముప్పయ్యో తేలతాయి. ఇంట్లో మామూలుగా ఆడుకుంటున్నప్పుడు వాడికి తెలియకుండా తీసిన చిన్న వీడియోలు రెండు మూడు పట్టుకెళ్ళండి, కొత్త మనిషిని చూస్తే పిల్లలు క్లినిక్‌లో నోరు విప్పరు. వీలైతే మీ అమ్మగారిని కూడా తీసుకెళ్ళండి. పగలంతా బాబుతో ఉండేది ఆవిడే, మేం అడిగేవాటిలో సగానికి జవాబు ఆవిడకే తెలిసి ఉంటుంది.